ఎకరానికీ కుటుంబానికీ ఒకటే వెల

మా పెద్దమ్మకు పది గుంటల భూమి ఉంది. డెబ్భైలలో ప్రభుత్వం మా తాతకు అసైన్ చేసిన ఎకరం, ఆయన తరువాత నలుగురు కొడుకులకు తలా పది గుంటలుగా పంపకమైంది. పెదనాన్న పోయాక ఆయన వాటా పెద్దమ్మ పేరుకు, మా నాన్న పోయాక ఆయన వాటా నా పేరుకు పాసుపుస్తకాలయ్యాయి. నేను నగరంలో ఉండి విశ్వవిద్యాలయంలో పాఠాలు చెబుతాను. ఆ ఇరవై గుంటలనూ సాగు చేసేది పెద్దమ్మే. మిగిలిన రోజుల్లో ఆమె ఇతరుల చేలల్లో కూలికి, వేసవిలో ఉపాధి హామీ పనికి వెళ్తుంది.

2025లో తెలంగాణ ప్రభుత్వం రైతు భరోసా తొలి విడత విడుదల చేసినప్పుడు మా ఇద్దరి ఖాతాల్లోనూ సొమ్ము పడింది. ఆమెకు 1,500 రూపాయలు, నాకు 1,500 రూపాయలు. నా నెల జీతం ఎంతో, ఆమె రోజు కూలి ఎంతో ఆ పథకం అడగలేదు. నా వంతు సొమ్ము నేను ఆమెకే ఇస్తాను. ఇవ్వకపోతే మాత్రం నన్ను అడిగే చట్టమేదీ లేదు. దున్నేది ఆమె, పాసుపుస్తకం నాది.

అదే జనవరిలో మా ఊళ్లో గ్రామసభ జరిగింది. భూమిలేని వ్యవసాయ కూలీలకు ఏడాదికి 12,000 రూపాయలిచ్చే ఇందిరమ్మ ఆత్మీయ భరోసా జాబితా చదివారు. పెద్దమ్మ పేరు అందులో లేదు. ఇరవై రోజులకు మించి ఉపాధి పని చేసిన మనిషే గానీ, ఆమె పేరు మీద భూమి ఉంది కనుక అనర్హురాలన్నారు. ఆ రాత్రి ఫోన్ చేసింది. "భూమి ఉన్నదని కూలోళ్ల పైసలు రావంటున్నరు బిడ్డా. ఉన్న భూమికేమో పదిహేను నూర్లు. నాకు భూమి ఉన్నట్టా, లేనట్టా?"

నగదు బదిలీ మీద మన దగ్గర జరిగే చర్చలో ఈ ప్రశ్నకు చోటు లేదు. అక్కడ ఉన్నవి రెండే పక్షాలు. ఒకరు ఇవి జనాన్ని సోమరులను చేసే తాయిలాలంటారు. మరొకరు పేదల బతుకులు మార్చిన విప్లవమంటారు. పైకం దేనిని వెతుక్కుంటూ వస్తోంది, ఎవరి పేరున ఉన్న ఏ కాగితాన్ని చూసి ఆగుతోంది అన్నది ఇద్దరికీ అక్కరలేని విషయం. కులం దాగి ఉన్నది సరిగ్గా ఆ కాగితంలోనే అని నా వాదన.

రైతుబంధు 2018 మే 10న హుజూరాబాద్ నియోజకవర్గంలో మొదలైంది. పంటకు ఎకరానికి 4,000, మరుసటి ఏడాది నుంచి 5,000. ఇప్పుడది రైతు భరోసా పేరుతో 6,000, అంటే రెండు పంటలకు ఎకరానికి 12,000. తొలినాటి పథకంలో గుట్టలు, రాళ్లు, వెంచర్లు వేసిన భూములకూ డబ్బు వెళ్లిందన్న విమర్శ తరువాత సాగుకు పనికిరాని భూములను తొలగించారు. కానీ ఎన్ని ఎకరాలున్నా ఎకరానికి ఇంత అన్న సూత్రాన్ని ఎవరూ కదిలించలేదు. 1973 నాటి భూపరిమితి చట్టం అట్టడుగు తరగతి మెట్ట భూమిని ఒక కుటుంబానికి 54 ఎకరాల దాకా అనుమతిస్తుంది. ఆ 54 ఎకరాలూ సాగుయోగ్యమైతే ఏడాదికి వచ్చేది 6,48,000 రూపాయలు. భూమిలేని కూలీ కుటుంబం మొత్తానికి వచ్చేది 12,000. ప్రభుత్వం దృష్టిలో ఒక ఎకరమూ ఒక కుటుంబమూ సమానమయ్యాయి. ఇంకా సూటిగా చెప్పాలంటే, భూమి ఉన్నవాడి ఒక్కొక్క ఎకరం భూమిలేని ఒక్కొక్క ఇంటికి సమానమైంది. పెద్దమ్మ ఇల్లు ఆ లెక్కకూ సరిపోలేదు. అది పావు ఎకరం దగ్గర ఆగిపోయింది.

ఇందులో కులం ఎక్కడుంది, భూమి ఉన్నవాళ్లలో అన్ని కులాలవాళ్లూ ఉన్నారు కదా అని మా తరగతి గదిలోనే విద్యార్థులు అడుగుతారు. నిజమే, ఉన్నారు. దేశ జనాభాలో షెడ్యూల్డ్ కులాల వాటా 2011 జనగణన ప్రకారం 16.6 శాతం. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం సాగు కమతాల్లో వారివి సుమారు 12 శాతం, సాగు విస్తీర్ణంలో 9 శాతం లోపు. ఈ మూడు అంకెలను పక్కపక్కన పెట్టి చూస్తే విషయం అర్థమవుతుంది. మనుషుల లెక్కలో ఆరో వంతు ఉన్నవాళ్లు, కమతాల లెక్కకు వచ్చేసరికి ఎనిమిదో వంతయ్యారు. ఎకరాల లెక్కలో పదకొండో వంతుకు పడిపోయారు. పథకం మనిషిని చూసి ఇస్తే ఒక వాటా, కమతాన్ని చూసి ఇస్తే దానికన్నా తక్కువ వాటా, ఎకరాన్ని చూసి ఇస్తే అన్నిటికన్నా తక్కువ వాటా. మన ప్రభుత్వాలు మూడో కొలబద్దను ఎంచుకున్నాయి. దళితులకు తక్కువ ఇవ్వాలని ఏ జీవోలోనూ రాయలేదు, రాయవలసిన అవసరమూ లేదు. వతనులు, ఇనాములు, కౌల్నామాలు, పట్టాలు తరతరాలుగా రాసి పెట్టిన దానినే ఈ పథకం చదువుకుంటూ పోతుంది.

అంబేద్కర్ 1947లో రాజ్యాంగ సభకు సమర్పించడానికి సిద్ధం చేసిన 'రాష్ట్రాలు - మైనారిటీలు' అనే పత్రంలో వ్యవసాయ భూమిని జాతీయం చేసి, కులమత భేదం లేకుండా గ్రామస్థులకు సాగుకివ్వాలని ప్రతిపాదించారు. భూమి ప్రైవేటు సొత్తుగా ఉన్నంతకాలం ఊరి బయట ఉన్నవాడు కూలీగానే మిగులుతాడని ఆయనకు తెలుసు. ఆ ప్రతిపాదనను మనం పక్కన పెట్టేశాం. పక్కన పెట్టడంతో ఆగక, ఆ ప్రైవేటు సొత్తు మీద ఏటా ఖజానా నుంచి అదనపు రాబడి చెల్లించే ఏర్పాటు చేసుకున్నాం.

కౌలుదారుల సంగతి చూడండి. 2022లో రైతు స్వరాజ్య వేదిక తెలంగాణ గ్రామాల్లో చేసిన సర్వేలో సాగుదారుల్లో 36 శాతం మంది కౌలుకు చేస్తున్నవారేనని తేలింది. కౌలుకు తీసుకున్న భూమి మీద వీరిలో ఎవరికీ రైతుబంధు లేదు. సొంత భూమి లేనివారికి పాసుపుస్తకాన్ని ఆధారం చేసుకున్న రైతు బీమా కూడా లేదు. అలాంటి కౌలు రైతు అప్పులపాలై చనిపోతే ఐదు లక్షల బీమా ఆ కుటుంబానికి రాదు. ఎకరానికి ఇంత అని ప్రభుత్వం ఇవ్వడం మొదలుపెట్టాక యజమాని కౌలు తగ్గించాడా అంటే అదీ లేదు. పెట్టుబడి పేరుతో వచ్చిన సొమ్ము పెట్టుబడి పెట్టనివాడి దగ్గర చేరుతోంది, పెట్టేవాడు వడ్డీకి తెచ్చుకుంటున్నాడు. 2023 ఎన్నికల వాగ్దానంలో కౌలు రైతులూ ఉన్నారు. అమలు మొదలయ్యేసరికి వారు జాబితాలో లేరు. ఇందులో నేనూ ఒక చిన్న దోషినే. నగరంలో కూర్చుని పది గుంటల మీద పెట్టుబడి సాయం అందుకుంటున్న యజమానిని.

ఆంధ్రప్రదేశ్‌లో కథ కొంత వేరు. అక్కడి వైఎస్సార్ రైతు భరోసాలో ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ కౌలుదారులకు చోటిచ్చారు. కౌలుదారుడికి కులం ఉంటుందని ఒక నగదు పథకం గుర్తించడం చిన్న విషయం కాదు. అయితే ఆ గుర్తింపు 2019 నాటి పంటసాగుదారుల హక్కుల చట్టం కింద ఇచ్చే కార్డు మీద ఆధారపడింది. ఆ కార్డు పదకొండు నెలల ఒప్పందం మీద యజమాని చేసే సంతకం మీద ఆధారపడింది. సంతకం పెడితే రేపు భూమి మీద హక్కు అడుగుతాడేమోనని యజమానికి భయం. అడిగితే వచ్చే ఏడు కౌలుకు ఇవ్వడేమోనని కౌలుదారుకు భయం. దళితవాడ నుంచి వచ్చిన కౌలుదారు ఊళ్లో పెద్ద ఇంటి అరుగు ముందు నిలబడి ఆ సంతకం అడగడమంటే ఏమిటో ఆ చట్టం రాసినవారికి తెలియదనుకోలేను.

ఇంతవరకు చదివినవారు నేను నగదు బదిలీకి వ్యతిరేకినని అనుకోవచ్చు. కాదు. చేతికి వచ్చిన చిన్న మొత్తం పేద ఇంట్లో ఏం చేస్తుందో నాకు పుస్తకాలకన్నా ముందు ఇంట్లోనే తెలుసు. వ్యవసాయ కూలీ కుటుంబంలో డబ్బుకు ఒక కాలం ఉంటుంది. నాట్లకూ కోతలకూ మధ్య పని ఉండదు. ఆ నెలల్లోనే బడి ఫీజులు, జ్వరాలు, పండుగలు వచ్చి పడతాయి. ఆ ఖాళీలో ఆసామి దగ్గర తెచ్చుకున్న రెండు వేలు, మూడు వేలు సీజన్ మొదలయ్యాక తక్కువ కూలికి ముందు ఆయన పొలంలోనే దిగాలన్న షరతుగా మారతాయి. మా నాన్న తరంలో ఆ షరతు పేరు జీతం. ఏడాదికింతని మాట్లాడుకుని పిల్లవాడిని జీతానికి పెట్టేవారు. వెట్టి కార్మిక వ్యవస్థను రద్దు చేసిన 1976 నాటి చట్టం ఆ పేరును తుడిచింది గానీ ఆ ఖాళీ నెలలను తుడవలేదు. ఆసామి మూడు వేల స్థానంలో ఖాతాలో పడిన మూడు వేలు ఉంటే కూలి మనిషి 'ఇంత ఇస్తేనే వస్తాను' అనగలదు. డబ్బు మొత్తం చిన్నదే, ఆ మాట అనగలగడం పెద్దది.

ఇది నా ఊహ మాత్రమే కాదు. 2011-12లో సేవా సంఘం, యునిసెఫ్ కలిసి మధ్యప్రదేశ్‌లో ఎనిమిది గ్రామాల్లో, విడిగా ఒక ఆదివాసీ గ్రామంలో చేసిన ప్రయోగం ఉంది. పథకానికి భూమి అడ్డు పెట్టలేదు, కులం అడ్డు పెట్టలేదు. ఊళ్లో ఉన్న ప్రతి మనిషికీ నెలనెలా డబ్బిచ్చారు. మొదట పెద్దలకు 200, పిల్లలకు 100 రూపాయలు, తరువాత 300, 150. ఆ ప్రయోగంలో పాలుపంచుకున్న హైదరాబాద్ సామాజిక శాస్త్రవేత్త శరత్ దావల, మరో ముగ్గురితో కలిసి 2015లో ఆ ఫలితాలను పుస్తకంగా తెచ్చారు. జనం తాగి పడుకోలేదు. తిండి మెరుగైంది, మేకలు కొన్నారు, అప్పులు తగ్గించుకున్నారు. కూలికి వెళ్లేవారిలో కొందరు సొంత పనికి మళ్లారు. ఎక్కువ మేలు జరిగింది అడుగున ఉన్నవారికే. డబ్బు తలకు ఇంత అని వచ్చింది కనుకనే అలా జరిగింది. అదే డబ్బు ఎకరానికి ఇంత అని వచ్చి ఉంటే ఆ గ్రామాల్లో ఏమయ్యేదో మన గ్రామాలను చూసి చెప్పవచ్చు.

సోమరితనం ఆరోపణ దగ్గరికి ఇప్పుడు రావాలి. ఉపాధి హామీ పథకాన్ని 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ప్రారంభించిన నాటి నుంచి పెద్ద రైతుల నోట ఒకే ఫిర్యాదు వింటున్నాం: కూలీలు దొరకడం లేదు, దొరికినా మాట వినడం లేదు. ఈ వాక్యంలో మొదటి సగం ఆర్థికం, రెండో సగం కులం. దొరకడం లేదంటే పాత కూలికి దొరకడం లేదని అర్థం. మాట వినడం లేదంటే పొద్దున్నే వాడకొచ్చి కేకేస్తే లేచి రావడం లేదని అర్థం. ఇదే పెద్ద రైతు తన ఎకరాల మీద వచ్చే సాయం తనను సోమరిని చేస్తుందని ఎన్నడూ అనుకోడు. 2022లో ప్రధానమంత్రి 'రేవ్‌డీ సంస్కృతి' అన్నారు. 2025 ఫిబ్రవరిలో నిరాశ్రయుల కేసు విచారణలో సర్వోన్నత న్యాయస్థాన ధర్మాసనం పరాన్నజీవుల తరగతిని సృష్టిస్తున్నామా అని అడిగింది. 2019 సెప్టెంబర్‌లో కంపెనీల పన్ను 30 నుంచి 22 శాతానికి తగ్గించి ఏడాదికి 1.45 లక్షల కోట్లు వదులుకున్నప్పుడు ఇలాంటి మాటలు ఎవరికీ తోచలేదు. ఉచితం అన్న మాటకు మన దేశంలో ఎప్పుడూ పుచ్చుకునేవాడి కులాన్ని బట్టే అర్థం మారుతుంది. అగ్రహారాల కాలం నుంచీ అంతే.

అయితే దళిత ఉద్యమం కూడా ఒక విషయంలో తనను తాను ప్రశ్నించుకోవాలి. తెలంగాణ ఏర్పడిన మొదటి స్వాతంత్ర్య దినాన దళిత కుటుంబానికి మూడెకరాల పథకం మొదలుపెట్టారు. ఏడేళ్లలో భూమి అందింది సుమారు ఏడు వేల కుటుంబాలకు, 17 వేల ఎకరాలకు లోబడి. కొనడానికి భూమి లేదన్నారు. ప్రాజెక్టులకు, పారిశ్రామిక వాడలకు మాత్రం దొరికింది, అందులో అసైన్డ్ భూములూ ఉన్నాయి. ఆ వాగ్దానం అలా ఆరిపోతుండగా 2021 ఆగస్టులో, ఉప ఎన్నిక ముంగిట, అదే హుజూరాబాద్‌లో దళితబంధు వచ్చింది. కుటుంబానికి పది లక్షలు. మేమంతా ఆ మొత్తాన్ని చూసి, పోయిన మూడెకరాలను మరిచాం. పది లక్షలు వచ్చిన ఇళ్లలో కొన్ని నిజంగా నిలబడ్డాయి. డెయిరీ పెట్టుకున్నవారు, వాహనం నడుపుకుని బతుకుతున్నవారు నాకు తెలుసు. కానీ ఎవరికి రావాలో శాసనసభ్యుడి చేతిలో ఉండడంతో, వాడ వాడంతా ఒక జాబితా కోసం ఒక మనిషి చుట్టూ తిరిగింది. లబ్ధిదారుల నుంచి కొందరు ఎమ్మెల్యేలు వసూళ్లు చేస్తున్నారని 2023లో నాటి ముఖ్యమంత్రే తన పార్టీ సమావేశంలో హెచ్చరించారని పత్రికల్లో చదివాం. హక్కుగా రావలసినది ఎంపికగా మారినప్పుడు, అడిగే గొంతు కూడా మారిపోతుంది. ధర్నా చౌక్‌లో ఉండవలసిన కుర్రవాడు క్యాంపు కార్యాలయం గేటు దగ్గర కనిపిస్తాడు.

ఇంకొక మాయ పద్దుల్లో ఉంది. 1979లో మొదలైన ప్రత్యేక భాగ ప్రణాళికకు 2013లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చట్టబద్ధత ఇచ్చింది. జనాభా నిష్పత్తిలో నిధులు కేటాయించాలి, అవి దళితవాడల వెనుకబాటును పూడ్చాలి. ఎన్నో దళిత సంఘాలు ఏళ్ల తరబడి రోడ్ల మీద కొట్లాడి సాధించుకున్న చట్టమది. బడ్జెట్ పుస్తకంలో దాని గుర్తు 789 అనే చిన్న పద్దు. ఆంధ్రప్రదేశ్‌లో అమ్మ ఒడి, చేయూత, పింఛన్ల వంటి పథకాల్లో ఎస్సీ లబ్ధిదారుల వాటా ఈ పద్దులో చేరింది. తెలంగాణలో రైతుబంధు, ఆసరా పింఛన్లలో వారి వాటాను 2017 నాటి ప్రత్యేక అభివృద్ధి నిధిలో చూపారు. చట్టంలోని సందులు చూపి అధికారులు దీన్ని సమర్థించుకోగలరు. కానీ రాష్ట్రంలోని ప్రతి తల్లికీ వచ్చే డబ్బు మిగతా తల్లులకు సాధారణ ఖజానా నుంచి వచ్చి, మాదిగ, మాల తల్లులకు మాత్రం వారి వాడకు రావలసిన నిధి నుంచి రావడమేమిటి? ఒక చేత్తో ఖాతాలో వేసిన పదిహేను వేలకు మరో చేత్తో హాస్టల్ గోడ, భూమి కొనుగోలు, ఉపకార వేతనం చెల్లు రాస్తున్నారు. ఫీజు బకాయిలు రాక కళాశాల సర్టిఫికెట్లు ఆపేసిందని ఏటా నా గదికి వచ్చే పిల్లల్లో ఎక్కువమంది ఎవరో వేరే చెప్పనక్కరలేదు.

కులాన్ని చూసి ఇవ్వడమంటే పద్దులో విడగొట్టడమేనని అధికార యంత్రాంగం అనుకుంటే ఏం జరుగుతుందో 2021లో చూశాం. ఉపాధి హామీ కూలిని ఎస్సీ, ఎస్టీ, ఇతరులు అని మూడు ఖాతాలుగా వేరు చేసి చెల్లించాలని కేంద్రం ఆదేశించింది. ఒకే చెరువులో ఒకే రోజు మట్టి తవ్వినవారిలో కొందరికి డబ్బు ముందు, కొందరికి వారాల తరువాత పడింది. ఊళ్లలో గొడవలు వచ్చాక ఏడాది తిరగకుండానే దాన్ని వెనక్కి తీసుకున్నారు.

చేయవలసినవి కష్టమైనవేమీ కావు. సాయం కొలబద్ద ఎకరం నుంచి కుటుంబానికి మారాలి. ఎకరమే కావాలని పట్టుబడితే ఐదెకరాల దగ్గర గీత గీయాలి. కేంద్రం ఇచ్చే పీఎం కిసాన్‌లో ఆదాయపు పన్ను కట్టేవారిని, ప్రభుత్వోద్యోగులను మినహాయించారు. ఆ పాటి జల్లెడ రాష్ట్రానికి అసాధ్యమేమీ కాదు. నా పేరు కొట్టివేయడంతో మొదలుపెట్టవచ్చు. కౌలుదారు గుర్తింపు యజమాని సంతకంతో కాక గ్రామసభ సాక్ష్యంతో జరగాలి. ఒడిశా 2018లో తెచ్చిన కాలియా పథకంలో కౌలుదారులనూ చేర్చి, భూమిలేని కుటుంబాలకు మేకలు, కోళ్లు, పుట్టగొడుగుల పెంపకానికి 12,500 రూపాయలు కేటాయించింది. ఆ రాష్ట్రం ఆలోచించినంత మనం ఆలోచించలేమా? అర ఎకరం లోపు ఉన్నవారిని భూమిలేనివారిగానే లెక్కించాలి. పది గుంటలు ఉండడం శిక్ష కాకూడదు. ఉపప్రణాళిక పద్దులోకి అందరికీ వచ్చే నగదు పథకాలు ఒక్క రూపాయి కూడా రాకూడదు.

వీటికి ముందు ఇంకొక పని. 2024 నవంబర్‌లో తెలంగాణ ప్రభుత్వం ఇంటింటి కుల సర్వే చేసింది. ఎస్సీలు 17.43 శాతమని ప్రకటించింది. ఆ ప్రశ్నావళిలో భూమి ఉంది, పాసుపుస్తకం ఉంది, అప్పు ఉంది, ప్రభుత్వ పథకాల లబ్ధి ఉంది. రైతు భరోసా చెల్లింపుల జాబితా వ్యవసాయ శాఖ దగ్గర ఉంది. ఈ రెంటినీ కలిపితే ఏ కులానికి ఎన్ని రూపాయలు వెళ్లాయో ఊరి వారీగా తేలుతుంది. లబ్ధిదారుల తలలు లెక్కపెట్టి మీలో ఇంతమందికి ఇచ్చామని చెప్పడం వేరు, ఎన్ని రూపాయలిచ్చారో చెప్పడం వేరు. పేర్లు అక్కరలేదు, మొత్తాలు చాలు. వచ్చే పంట విడతకు ముందే ఆ పట్టికను ప్రతి గ్రామ పంచాయతీ గోడ మీద అతికించమని ప్రభుత్వాన్ని అడుగుతున్నాను. మా ఊరి గోడ మీద అతికించిన రోజున పెద్దమ్మకు చదివి వినిపించడానికి నేను వెళ్తాను.